కూర్చోని బంట్రోతు

క్రిమినల్ జస్టిస్ డిగ్రీ పిల్లలు కాలేజీలో నడిపిన ఉత్తుత్తి కోర్టు ముగిసింది. జడ్జిగా కూర్చున్న కూతురు, నల్లగౌను చంకన పెట్టుకుని, కోర్టు బంట్రోతైన తండ్రి పక్కన బస్టాపు దాకా మూతి ముడుచుకునే నడిచింది.

"నేను లోపలికి రాగానే ఎందుకు లేచావు నాన్నా? చూడ్డానికొచ్చినవాళ్లు లేవక్కర్లేదని ముందే చెప్పారుగా."

"జడ్జి వస్తుంటే కూర్చోవడం నాకు చేతకాదమ్మా."

"సరే, అలవాటు. నేను కూర్చోమన్నాకైనా కూర్చోలేదేం? వెనకాల అందరూ నవ్వారు."

"నవ్వితే నవ్వనీ."

"జడ్జి మాట వినకపోతే కోర్టు ధిక్కారం. తెలుసా?"

"తెలుసు. ఇన్నేళ్ల సర్వీసులో ఏ జడ్జి మాటా జవదాటలేదు."

"మరి ఇవాళ?"

ఆయన గౌను అందుకుని, దులిపి, మడతపెట్టి తన చేతిమీద వేసుకున్నాడు.

"కూర్చుంటే ముందు వరస తలలు అడ్డమొస్తున్నాయే. మా జడ్జిగారు నాకు కనపడొద్దూ?"