ఫ్లాక్‌లో అమ్మ పాట

అమీర్‌పేటలో మెట్ల కింద చిన్న కంప్యూటర్ షాపు. చనిపోయిన తల్లి పాడిన పాట ఫోన్‌లో పట్టడం లేదని, ఆ పెద్ద వేవ్ ఆడియో ఫైల్‌ను సైజు తగ్గించే ఫ్లాక్ ఫార్మాట్‌లోకి మార్పించడానికి వచ్చింది బిందు.

"అన్నా, ఫైల్ సగమైంది. మిగిలిన సగం ఎటు పోయింది?"

"ఎటూ పోలేదక్కా. ఇందాకటి నుంచి గదే చెప్తున్న. చీరె మడత పెడితే చిన్నగైతది, పోగులు పోతయా?"

"మా తమ్ముడు ఎంపీత్రీ చేసినప్పుడు సుత గిట్లనే అన్నడు. అమ్మ గొంతు రేకుడబ్బా లెక్క అయింది."

"ఎంపీత్రీ కత్తిరిస్తది. ఫ్లాక్ మడత పెడ్తదంతే. మళ్ల వేవ్ చేసుకుంటే ఎట్లున్నది అట్లనే వస్తది."

"చెప్పుడు అందరు చెప్తరు."

"అయితే నమ్మకు. గీ పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకొని నువ్వే ఇను. నన్ను జర పని చేసుకోనియ్యి."

పాట అయిపోయినా ఆమె హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

"ఏడుస్తున్నవేందక్కా? ఏమన్న పోయిందా?"

"లేదన్నా. పాట అయిపోయినంక 'బిందు తిన్నదా' అని అమ్మ మెల్లగ ఎవర్నో అడుగుతున్నది. ఫోన్ల ఉన్న తమ్ముడి ఎంపీత్రీల ఎన్నడు ఇనపడలే."

"అది మొదటి నుంచి ఉన్నదే. నేనేం కలపలే."

"తెలుసు. ఇంకోసారి పెట్టు."