యలమందయ్య ఎర్రలకి కారం పెట్టిన వైనం

పర్చూరు రోడ్డు మీద బాపయ్య టీ కొట్టు బల్ల మీద యలమందయ్య కూర్చున్నాడంటే ఆ పూటకి అబద్ధాలకి కరువుండదని ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసీ వింటారు. ఎందుకంటే ఆయన కోతల్లో గొప్ప ఎంతుంటుందో, ఆయనకి జరిగే శాస్తి కూడా అంతే ఉంటుంది. తనని తాను వెధవని చేసుకుంటూ గొప్పలు చెప్పే మనిషి మీద ఎవరికి మాత్రం కోపం వస్తుంది? కట్టుకున్న పెళ్లానికి తప్ప.

ఆ పెళ్లాం పున్నమ్మ ఇరవై రోజుల కిందట అలిగి పుట్టింటికి పోయింది. అద్దంకి అవతల పల్లెలో తమ్ముడి ఇల్లు. పోతూ పోతూ తను పెంచుకున్న కుందేళ్లని గంపలో పెట్టుకుని మరీ పోయింది. అలక ఎందుకో ఊరికి తెలీదు గానీ యలమందయ్యకి బాగా తెలుసు. సమితి ఆఫీసు నుంచి వ్యవసాయం ఆఫీసరుగారు వచ్చి, పెరట్లో ఎరువు గుంట చూసి, గుప్పెడు తీసి అరచేతిలో నలిపి, వాసన చూసి, "ఇంత మంచి ఎరువు మా ఫారంలో కూడా లేదు, ఇది ఎవరి పనండీ?" అని అడిగాడు. యలమందయ్య కండువా సర్దుకుని "నాదేనండి" అన్నాడు. తలుపు పక్కన మజ్జిగ గ్లాసులు పట్టుకుని పున్నమ్మ నిలబడి ఉంది. ఆఫీసరుగారికి మజ్జిగ ఇచ్చింది. ఆయన వెళ్లాక గ్లాసులు కడిగి బోర్లించింది. ఆ తర్వాత గంప తీసుకుని బస్సెక్కింది. ఒక్క మాట అనలేదు. అనుంటే ఈయన పది మాటలు చెప్పి గెలిచేవాడు.

అప్పట్నుంచీ అద్దంకి బస్సు వేళకి యలమందయ్య టీ కొట్టు దగ్గర హాజరు. టీ కోసమే వచ్చానంటాడు. దిగేవాళ్లలో పున్నమ్మ ఉందేమోనని మెడ చాచి చూస్తాడు. ఆవేళ కూడా చూశాడు. బస్సులోంచి చీరల మూటతో ఒక్క మనిషి దిగాడు, అంతే. బస్సు పర్చూరు వైపు పోయింది. అక్కడ మళ్లుకుని గంటలో తిరిగి అద్దంకి పోతుంది.

దిగిన మనిషి పేరు పానకాలు. మంగళగిరి నేత చీరలు ఊరూరా తిరిగి అమ్ముతాడు. మూట దింపి, టీ అడిగి, "ఏమండీ, ఈ ఊళ్లో ఎవరో కుందేలు పెంటికలు వేసి, వానపాముల్ని పెంచి ఎరువు చేస్తారటగా? బస్సులో చెప్పుకుంటున్నారు" అన్నాడు.

ఇంకేముంది, ఆకలితో ఉన్నవాడికి విస్తరి వేసినట్టయింది. బాపయ్య టీ వడపోస్తూ, "అయిపోయావు నాయనా" అన్నట్టు పానకాలు వంక చూశాడు. కొట్టు పక్క చావడిలో షాజాదీ, ఇంకో నలుగురు ఆడవాళ్లు మిరపకాయలకి తొడిమలు తీస్తూ కూర్చున్నారు. షాజాదీది యలమందయ్య ఇంటి పక్కిల్లే. నడుమ ఒక మట్టిగోడ.

"నువ్వు విన్నది నా గురించే బాబూ," అని మొదలెట్టాడు యలమందయ్య. "పెద్ద విశేషం కాదులే. రెండే రెండు తెల్ల కుందేళ్లు, బదిలీ మీద పోతూ బడి పంతులమ్మగారు మా ఇంట్లో వదిలిపోయింది. ముచ్చటకి పెంచుకున్నాం. ఒకనాడు పంజరం కింద మట్టి గెలికితే గుప్పెడు ఎర్రలు, అదే, గాలానికి గుచ్చే వానపాములు. మట్టి చూస్తే ఇదిగో ఈ బాపయ్య టీ పొడిలా ఉంది, కాకపోతే ఇంతకంటే కొత్తది."

"ఒరేయ్, నా టీ పొడి జోలికి రాకు" అన్నాడు బాపయ్య.

"అప్పుడు నా బుర్రలో తళుక్కుమంది. గుంట తవ్వా, పెంటికలు పోశా, ఎర్రల్ని వదిలా. నెల తిరిగేసరికి బంగారం లాంటి ఎరువు. ఇంతవరకూ ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎర్రలు మందగించాయి. ఏం పుట్టింది వీటికని ఆలోచించా. వాటి తిండేమిటి? కుందేలు పెంటికలు. కుందేలు తిండేమిటి? గడ్డీ, ఆకూ. ఉప్పు లేదు, కారం లేదు! పచ్చి బాలింతరాలు కూడా అన్నాళ్లు చప్పిడి పథ్యం చెయ్యదే! గుంటూరు జిల్లా మట్టిలో పుట్టిన ఎర్ర కారం లేకుండా ఎన్నాళ్లు బతుకుతుంది చెప్పు? కల్లంలో తొడిమలు, తాలుకాయలు గుట్టలుగా పడున్నాయి. రెండు గంపలు తెచ్చి గుంటలో గుమ్మరించా."

చావడిలో షాజాదీ చెయ్యి టక్కున ఆగింది. యలమందయ్య అది చూశాడు. అక్కడితో ఆపుదామని కూడా అనుకున్నాడు. కానీ ఆయన నోరు వాలులో పడ్డ బండి, తోలేవాడు దిగినా అది దిగదు.

"పొద్దున్నే చూద్దును గదా, ఒక్కో ఎర్ర మోకంత లావు! కారం ఒంటబట్టింది మరి. ఎర్రగా, నిగనిగలాడుతూ, మీసం ఒక్కటే తక్కువ. ఇంత మోకు ఊరికే పోనివ్వడమెందుకు, ఎద్దుని కట్టేద్దామని ఒకదాన్ని పట్టుకున్నా. అది నన్నే పట్టుకుని, నాలుగు చుట్లు చుట్టి, గాటికి కట్టేసింది. మధ్యాహ్నం దాకా ఎద్దు పక్కన నిలబడ్డా. మాది ఒంగోలు ఎద్దు, మర్యాద తెలిసిన జాతి. నన్ను చూసి జాలిపడి చిట్టు తొట్టి ఇటు జరిపింది."

"తిన్నారా?" అన్నాడు పానకాలు.

"ఆకలేస్తే ఏం చేస్తాం, ఎద్దు మొహమాటపెట్టింది కూడానూ."

"మరి మీ ఆవిడ వచ్చి విప్పలేదూ?" అని అడిగాడు బాపయ్య.

"ఆవిడా... ఆవిడ వంటింట్లో ఉంది" అన్నాడు యలమందయ్య, గ్లాసులోకి చూస్తూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొన్న ముసురుకి ఇదే బస్సు నల్లరేగట్లో ఇరుసు దాకా దిగబడింది. నలభై మంది తోసినా కదల్లేదు. నేను గుంటలోంచి ఒక్క ఎర్రని తెచ్చి బంపరుకి తగిలించి, కాస్త కారం చూపించా. లాగింది చూడు! బురదలోంచి లాగడం వరకూ బాగానే ఉంది, దాన్ని ఆపడం ఎవడికి తెలుసు? పర్చూరు దాటింది, చీరాల దాటింది, బస్సుని తీసుకెళ్లి సముద్రంలో మోకాలి లోతున నిలబెట్టింది. జనమంతా సముద్రస్నానం చేసి పుణ్యం కట్టుకున్నారు. నేను మాత్రం బస్సు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడుతూ పోయానా, దారిలో తుమ్మకంపలకి పంచె కాస్తా వదిలేశా. మళ్లీ ఇంటికి ఎలా వచ్చానో అడక్కు. అరిటాకు గొప్పదనం నాకు ఆవేళే తెలిసింది."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పానకాలు టీ తాగడం మర్చిపోయి, "ఆ ఎరువు చేలో వేస్తే పైరు ఎలా ఉండేదండీ?" అన్నాడు.

"ఆ మాట అడిగావూ, శభాష్! చేలో దోసెడు చల్లానో లేదో, మిరపచెట్టు తాటిచెట్టుని దాటిపోయింది. కాయ కోయడానికి గీతగాణ్ణి పిలిపించా. అంతెత్తు నేను రానన్నాడు. పౌరుషానికి పోయి నేనే ఎక్కా. సగంలో గోచీ కొమ్మకి తగులుకుని మూడు రోజులు వేలాడా. కింద జనం దిష్టిబొమ్మనుకున్నారు. కాకులు అది కూడా అనుకోలేదు, వచ్చి నెత్తిన వాలాయి. కాయ ఒక్కటి, ఒకే ఒక్కటి, రెండు బళ్లు జోడించి ఎక్కించాం. తొడిమ తియ్యడానికి రంపం పట్టాల్సొచ్చింది. ఆ బండి పిడుగురాళ్ల మీదుగా పోతుంటే ఘాటుకి సున్నపు బట్టీల వాళ్లంతా ఒక్కసారి తుమ్మారయ్యా! బట్టీలన్నీ ఆరిపోయి, సున్నం లేచి, ఊరు ఊరంతా ఒక్క క్షణంలో వెల్ల పడిపోయింది. మనుషులు, గేదెలు, అన్నీ తెలుపే. ఏది ఎవరి గేదో తెలీక వారం రోజులు పంచాయితీ. అవతల కనిగిరి కొండ మీద కోటగోడ కూడా తుమ్మి బీట్లిచ్చిందంటారు గానీ, చూడని మాట నేను చెప్పను."

"అంతేలే, అబద్ధమాడితే కళ్లు పోతాయి" అన్నాడు బాపయ్య. "అప్పుడు మీ ఆవిడ ఏం చేస్తోందిరా?"

"వంటింట్లో ఉంది."

ఈసారి ఆ మాట యలమందయ్యకే ఎక్కడో గుచ్చుకుంది. బస్సు సముద్రంలోకి పోయినా, చెట్టు ఆకాశాన్ని తాకినా, తన కథలో పున్నమ్మ వంటింటి గడప దాటడం లేదు. ఆ ముల్లు తీసేసుకోవడానికి ఆయనకి తెలిసిన మందు ఒక్కటే, ఇంకా పెద్ద కోత.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంగతి ఢిల్లీ దాకా పోయింది. గుప్పెడు ఎరువు కోసం విమానం పంపారు. మన చెరకుతోట పక్కనే దిగింది. ఎక్కించేటప్పుడు నా చెయ్యి జారి, చిటికెడు రెక్క మీద ఒలికింది. చూస్తుండగానే రెక్కలకి ఈకలు మొలిచాయి! అది గాల్లోకి లేచి, ఢిల్లీ సంగతి మర్చిపోయి, ఒక అరుపు అరిచి కొల్లేటి వైపు పోయింది. అక్కడ కొంగల్లో కలిసి, గూడు కట్టి, గుడ్లు పెట్టి..."

"అన్నా," అంది షాజాదీ.

పెద్దగా అనలేదు. అయినా యలమందయ్య ఆగాడు.

"విమానం గుడ్లు పెట్టిందంటే నేను కాదనను. ఎన్ని పెట్టిందో కూడా అడగను. నాకు ఒక్క మాట చెప్పు. పంజరం కింద పెంటికలు పొద్దున తియ్యాలా, సాయంత్రం తియ్యాలా?"

యలమందయ్య నోరు తెరిచాడు. విమానానికి ఈకలు మొలిపించిన నోరు.

"సాయంత్రం..." అన్నాడు చివరికి.

"పోనీ, గుంటలో వేసేది తడివా, ఆరినవా?"

"తడివే గదమ్మా. వేడివేడిగా."

షాజాదీ నవ్వలేదు. ఒళ్లోని కాయలు దులిపి లేచి నిలబడింది. "కుందేలు ఉచ్చ తగిలిన గడ్డి పిడికెడు పడినా ఎర్రలు చస్తాయన్నా. అందుకని వదిన తెల్లారకముందే లేచి, తడిసిన గడ్డి వేరుగా ఏరి పారేసి, పెంటికలు ఒక్కటొక్కటీ చీపురుతో కూడదీసి, చేటలో నీడన ఆరబెట్టేది. వాటిలో కుళ్లిన పత్తి ఆకు కలిపేది. పైన తడి గోనె కప్పి, ఎండలకి రోజుకి మూడుసార్లు నీళ్లు చల్లేది. ఏడాదిన్నర పాటు గోడ ఇవతల్నుంచి నాకు రెండే చప్పుళ్లు. వదిన చీపురూ, నీ గురకా."

బాపయ్య కూడా నవ్వలేదు. పానకాలు ఒకసారి షాజాదీ వంకా, ఒకసారి యలమందయ్య వంకా చూశాడు.

"కారం పోశానన్నావే, అది మాత్రం కోత కాదు గదా?" అంది షాజాదీ.

"కాదు," అన్నాడు యలమందయ్య. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "పున్నమ్మ పోయిన వారానికి పోశా. ఆవిడ వచ్చేసరికి గుంట రెట్టింపు చేసి చూపిద్దామనుకున్నా. తెల్లారి చూస్తే గుంట అంచుల దాకా పాకి, అక్కడే ఎండిపోయి ఉన్నాయి. ఒక్కటీ మిగల్లేదు షాజాదీ. మూత వేసి కూర్చున్నా, ఎవరికీ చెప్పలా. ఆఫీసరు ఎవరి పని అని అడిగితే నాది అన్నా చూడు. ఆ గుంటలో నేను చేసిన పని ఇదొక్కటే."

మనిషి సిగ్గుతో తల దించుకుంటే ఊళ్లో వాళ్లకి ముచ్చటేస్తుంది గానీ, యలమందయ్య తల దించుకుంటే ఏదో తప్పు జరిగినట్టుగా ఉంది అందరికీ.

"వదినకి గుంట పోయిందని తెలీదు. ఇంకొకరి నోట వినకముందే నువ్వు పోయి చెప్పు" అంది షాజాదీ.

పర్చూరు వైపు నుంచి బస్సు హారను వినబడింది. యలమందయ్య లేచాడు. కండువా దులిపాడు, భుజం మీద వేసుకోబోయి, ఏమనుకున్నాడో చంకలో పెట్టుకున్నాడు.

"ఏమని చెప్తావురా?" అన్నాడు బాపయ్య.

"పని నీది, పేరు నాదని చెప్పుకున్నా, నీ ఎర్రల్ని చంపింది నేనే, నువ్వు వస్తే ఇకమీదట చీపురు నేను పట్టుకుంటా, అని." ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు. "మరీ చప్పగా ఉందేమో. కాస్త ఏమైనా కలపనా?"

"వద్దు!" అని కొట్టూ, చావడీ ఒక్క గొంతుతో అరిచాయి. అందరికంటే గట్టిగా అరిచింది పానకాలు.

బస్సులో కిటికీ పక్కన ఒక పెద్దాయన మునగదీసుకుని కూర్చున్నాడు. యలమందయ్య ఆయన పక్కన కూలబడ్డాడు. రెండు మైళ్లు నోరు మూసుకున్నాడు. అంతకంటే ఆయన వల్ల కాలేదు.

"మా ఆవిడని ఎరుగుదువా పెద్దాయనా?" అన్నాడు. "రెండే కుందేళ్లు. వాటి పెంటికలు రోజూ తెల్లారకముందే కూడదీసి, తడీ పొడీ వేరు చేసి, నీడన ఆరబెట్టి, ఎర్రల్ని పెంచింది. ఎరువంటే ఎరువా అది! సమితి ఆఫీసరు వాసన చూసి మరీ మెచ్చుకున్నాడు." చెబుతుంటే ఆయనకి గుండె నిండిపోయింది. ఇన్నేళ్లలో చెప్పిన ఏ గొప్పకీ అలా నిండలేదు.

పెద్దాయన ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"కుందేళ్లట, ఎర్రలట, ఒక్క ఆడమనిషట! కోతలకైనా ఒక హద్దుండాలయ్యా. రోజూ ఆమె అంత చాకిరీ చేస్తుంటే మరి నువ్వేం చేస్తున్నావు?"

"నిద్రపోతున్నా" అన్నాడు యలమందయ్య.

"అదిగో, అదొక్కటీ నమ్ముతాను" అన్నాడు పెద్దాయన.