ఫిల్టర్‌కు దొరకని సీసా

మందుల గోదాము ఆఫీసు గదిలో వదిన గడువు దాటిన దగ్గు మందు సీసాను మరిది ముందు ఠక్కున పెట్టింది. గోదాముకు సాఫ్ట్‌వేర్ రాసింది అతనే.

“గడువు దాటినవి చూపించమని ఫిల్టర్ పెడితే ఒక్కటీ లేదంటోంది. మరి ఇదేమిటి?”

“గడువుకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయన్నది కంప్యూటర్లో దాచి ఉండదు వదినా. మందు పేరు నొక్కినప్పుడు అప్పటికప్పుడు లెక్కగట్టి చూపిస్తుంది. లోపల లేనిదాన్ని ఫిల్టర్ ఎలా వెతుకుతుంది?”

“నా చెవిలో పువ్వులు పెట్టకు. పోయిన వారం టానిక్కుల గడువు దాటితే ఇదే ఫిల్టర్ పట్టుకుంది కదా?”

“అదీ... దాన్ని ఎలా వెతకాలో నేను విడిగా రాసిపెట్టాను.”

“రాసిపెడితే ఈ సీసా ఎందుకు దొరకలేదు?”

అతను సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె అతని మొహం మీంచి చూపు తిప్పలేదు.

“వెనక గదిని వదిలేసి వెతకమని రాశాను. అక్కడిదంతా గడువు దాటి కంపెనీకి తిప్పి పంపే సరుకు, కనపడనక్కర్లేదన్నాడు అన్నయ్య.”

“కంప్యూటర్ లెక్కలో ఇంకా వెనక గదిలోనే ఉన్న సీసా, అమ్మకాల అరలోకి తనంతట తనే నడిచొచ్చిందా? నాకు దొరికింది అక్కడే.”

“నాకేం తెలుసు? అన్నయ్య చెప్పాడు, నేను రాశాను.”

“అన్నదమ్ములిద్దరూ కూడబలుక్కోలేదంటావు?”

“ఒట్టు వదినా, నాకు తెలీదు.”

“సరే. పొద్దున అత్తయ్యకి గుండె మందు ఏ అరలోంచి తీసుకెళ్లావు?”

అతను అప్పటికే అమ్మకు ఫోన్ కలుపుతున్నాడు.