ఎనిమిదో కాలు

ఇంకా పెద్దగా తెరు బావా! ఇంతేనా? కొట్లో కూర్చుని నన్ను తిట్టేటప్పుడు నోరు చెవులదాకా సాగుతోందట కదా, అక్క మా ఆవిడతో చెప్పింది. ఆఁ, అలా. అక్కడే ఉంచు.

మూయకు. నువ్వు మూస్తే నా వేలు పోతుంది.

సూది పడింది కాబట్టి ఇంకో ఐదు నిమిషాల్లో కింది పెదవీ సగం నాలుకా నీవి కావు. నొప్పి పుడితే ఎడమచెయ్యి ఎత్తు, చాలు. మాట్లాడే ప్రయత్నం మాత్రం చెయ్యకు. వారం రోజులుగా నువ్వు నాతో ఎలాగూ మాట్లాడ్డం లేదు, కొత్తగా పోయేదేం లేదులే.

అయినా ఏం మనిషివయ్యా! ఆరు రోజులు దవడ పట్టుకు తిరుగుతావా? సొంత బావమరిది పళ్ళ డాక్టరయ్యుండి, అక్క మెడపట్టి తోస్తేగానీ రాలేదే! కోపం నా మీద ఉంటే పన్ను మీద చూపిస్తావేం?

కళ్ళు అలా తిప్పకు. కోపం ఉండకూడదని నేనన్నానా?

ఇరవై ఏళ్ళ కొట్టు నీది. నువ్వు పెట్టిన చేపల తొట్టి ఇంతవరకూ ఎక్కడా పగల్లేదు. పగిలిందల్లా నా వెయిటింగ్ రూములోదే. అదీ ఎప్పుడు? మంగళవారం పదకొండింటికి, ఏడుగురు పేషెంట్లు వరసగా కూర్చున్నప్పుడు.

అబ్బ, ఆ చప్పుడు! లోపల నేనొకావిడ పంటికి తొడుగు బిగిస్తున్నాను. ఠాప్‌మంది. ఆవిడ దవడే విరిగిందనుకున్నా. ఆవిడా అదే అనుకుంది. తీరా బయటికొచ్చి చూస్తే ఏముంది, సముద్రం! ముందు గాజు పైనుంచి కిందికి చీలిపోయి, ఉప్పునీళ్ళు చెప్పుల స్టాండుదాకా పారుతున్నాయి. ఏడుగురూ కాళ్ళు కుర్చీల మీదికెత్తుకుని కూర్చున్నారు. ఒక పెద్దాయన మాత్రం నిదానంగా, "డాక్టరుగారూ, ఇది పుక్కిలించడానికేనా?" అన్నాడు.

నవ్వకు బావా, డ్రిల్లు ఉంది నోట్లో.

నీళ్ళొస్తాయి, మింగకు. గొట్టం లాగేసుకుంటుందిలే. ఇదుగో, ఇక్కడ నల్లగా ఉందే, ఇదంతా పుచ్చు. పైకి బాగానే ఉంది చూశావా పన్ను? లోపలే డొల్ల. ఎన్నాళ్ళు దాచావు దీన్ని?

దాచడం గురించి నేను మాట్లాడకూడదనుకో.

నర్సమ్మని టీ తాగి రమ్మని ఎందుకు పంపించాననుకున్నావు? అరగంట దాకా రావద్దన్నాను. నువ్వు తిరిగి మాట అనలేని అరగంట నాకు మళ్ళీ దొరుకుతుందా? అవును, పిరికివాణ్ణే. అక్కనడుగు, చిన్నప్పట్నుంచీ ఇంతే.

మొదట్నుంచీ చెప్తా. ఇసుక దగ్గర్నుంచీ.

తొట్టి పెడతానని నువ్వొచ్చిన రోజున నేనేమన్నాను? "ఇసుక కొనడమేంటి బావా, ఎదురుగా మేడ కడుతున్నారు, రెండు బకెట్లు అడిగి తెస్తా" అన్నాను. నువ్వు నన్ను పైనుంచి కిందికి చూశావు. "ఆ ఇసుకతో గోడలు లేస్తాయి, పగడాలు లేవవు" అన్నావు. సరే, ఒప్పుకున్నా. అయితే పిండిలా తెల్లటి సన్న ఇసుక వేద్దామన్నా. పంపు తిప్పితే తొట్టంతా దుమ్ము లేచి పాలగిన్నెలా ఉంటుందన్నావు. పోనీ లావు గులకలు? వాటి సందుల్లో చేపల తిండి ఇరుక్కుని కుళ్ళుతుందన్నావు. అప్పుడు నాకు టక్కున అర్థమైంది. పళ్ళ సందుల్లోనూ అంతేగా! చివరికి పంచదార పలుకంత పగడపు ఇసుక, నువ్వు జల్లెడ పట్టి, నాలుగుసార్లు కడిగి మరీ తెచ్చావు.

ఆ తర్వాత రాళ్ళు. ఇసుక పక్కన పెట్టేసి ముందు రాళ్ళు పట్టుకున్నావు. రెండు పెద్ద రాళ్ళు, వాటి మీద వంతెనలా మూడోది. పెద్దవాటి అడుగున గుంటలు తొలిచి, ఒక్కోదానికి నాలుగేసి ప్లాస్టిక్ గొట్టం ముక్కలు కాళ్ళలా దిగ్గొట్టావు. మొత్తం ఎనిమిది కాళ్ళు. ఆ కాళ్ళని తొట్టి అడుగున గాజు మీదే ఆనించావు. రాయిని పట్టి ఊపావు, కదల్లేదు. నన్నూ ఊపమన్నావు. అప్పుడుగానీ చుట్టూ ఇసుక పొయ్యలేదు.

"ఇదేంటి బావా, మెత్తగా ఇసుక పరిచి దాని మీద పెడితే అందంగా ఉంటుంది కదా" అన్నాను.

"ఇందులోకి తవ్వేవాళ్ళొస్తారు. రాయి గాజు మీద నిలబడాలి, ఇసుక ఊరికే చుట్టూ ఉండాలి" అన్నావు.

నొప్పా? చెయ్యెత్తావు. కాదా? దురదా? సరే, గోక్కో.

అన్నట్టే తవ్వేవాళ్ళని నువ్వే తెచ్చావు. గుడ్డి రొయ్య ఒకటి, దానికి తోడు చిన్న చేప. రొయ్య పొద్దస్తమానం ఇసుక తోడి బయట పోస్తుంది, చేప వాకిట్లో నిలబడి కాపలా కాస్తుంది. రొయ్య మీసం ఎప్పుడూ చేప వీపు మీదే. చేప తోక ఆడించిందా, ఇద్దరూ లోపలికి. అక్క చూసి, "అచ్చం మా ఇల్లే. చాకిరీ నాది, వాకిట్లో కూర్చునేది ఆయన" అంది. నీ ముఖం చూడాలి అప్పుడు!

మూడు వారాలు తవ్వాయి. రాళ్ళు ఇంతైనా కదల్లేదు. ఎందుకు కదుల్తాయి? కాళ్ళు గాజు మీద ఉన్నాయి.

కానీ పంపు నీటికి ఆ మూల ఇసుక జరిగి రెండు కాళ్ళు బయటపడ్డాయి. తెల్లగా. ఫోన్ చేస్తే ఏమన్నావు? "నాలుగు వారాలాగు, నాచు పట్టి రాయి రంగులో కలిసిపోతాయి" అన్నావు. నాకు ఆగడం చేతనవునా? పైగా ఆ పుక్కిలించే పెద్దాయనే, ఆ శనివారం తొట్టిలోకి వంగి చూసి, అందరికీ వినపడేలా అన్నాడు: "డాక్టరుగారూ, మీ రాళ్ళకి చిగుళ్ళు దిగిపోయాయండీ."

ఎలా ఉంటుంది చెప్పు! పళ్ళ డాక్టరు వెయిటింగ్ రూములో చిగుళ్ళు దిగిన రాళ్ళా? రాత్రంతా ఆ మాటే.

ఇప్పుడు పెద్దగా తెరు. దూది మారుస్తున్నా. మూయకు, వింటున్నావుగా?

ఆదివారం క్లినిక్‌కి సెలవు. ఒక్కణ్ణే వచ్చా. చొక్కా విప్పి భుజందాకా చెయ్యి ముంచి, రాళ్ళు ఒక్కోటీ బయటికి తీసి, సోఫా మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టా. కాళ్ళు లాగితే రాలేదు. నువ్వు దిగ్గొడితే ఊరికే వస్తాయా? లోపలికెళ్ళి పటకారు తెచ్చా. ఈ పటకారే బావా. దవడ పళ్ళు పీకేది. ఎనిమిదీ పీకాను. మత్తుమందు కూడా ఇవ్వకుండా.

ఊఁ, అలాగే చూడు. చూసే హక్కు నీకుంది.

పీకేసి, ఇసుక ఒత్తుగా పరిచి, దాని మీద రాళ్ళు కూర్చోబెట్టా. మెత్తటి పరుపు మీద పెళ్ళివారిలా కూర్చున్నాయి. కాళ్ళు లేవు, తెల్లటి మచ్చ లేదు. ఫోటో కూడా తీసుకున్నా.

ఎవరనుకున్నావు అలా చేసింది? ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ, "అయ్యా, పన్నుని పట్టుకునేది చిగురు కాదు, లోపలి ఎముక. చిగురు ఊరికే చుట్టూ ఉంటుంది" అని పాఠం చెప్పేవాణ్ణి. రోజుకి ఇరవైసార్లు చెప్తా. నిద్రలో కూడా చెప్తానని మీ చెల్లెలు... అదే, మా ఆవిడ అంటుంది.

ఆ రొయ్యకి రెండు రోజులు పట్టింది. రెండే. రాయి కింద ఇసుకంతా తోడేసింది. మంగళవారం రాయి ఒరిగి ముందు గాజుకి కొట్టుకుంది. పాపం, దానికేం తెలుసు? కళ్ళు లేవు. నాకున్నాయి.

తర్వాత జరిగింది నీ ఎదురుగానే జరిగింది. నువ్వు పరిగెత్తుకొచ్చి రొయ్యనీ చేపనీ బకెట్లో వేసుకున్నావు. పైనుంచి కళ్ళ డాక్టరమ్మ దిగొచ్చింది. వాళ్ళ కొత్త హాల్లో గోడ పొడుగునా తొట్టి కోసం రెండు నెలలుగా నువ్వు రాళ్ళు ఏరుతున్నావు. ఆవిడ "ఏమైంది?" అంది. అంతే. నా నోరు తెరుచుకుంది. "మా బావ పెట్టిందేనండీ. ఇరవై ఏళ్ళ నుంచీ ఇదే పనిలో ఉన్నాడు, రాయి మీద రాయి నిలబెట్టడం రాదు" అన్నాను. ఏడుగురి ముందు. నువ్వు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు తుడుస్తుంటే.

ఆ సాయంత్రమే ఆవిడ వద్దందట. ఆ తర్వాత బ్యాంకువాళ్ళు, ఆ తర్వాత స్కూలువాళ్ళు. మొన్నట్నుంచీ కొట్లోకి పిల్లి కూడా రావడం లేదని అక్క ఏడ్చింది. నాతో ఏడవలేదు, మా ఆవిడతో. నాతో మాట్లాడితేగా!

ఇదుగో, పుచ్చంతా తీసేశా. ఇక నింపుతున్నా. లైటు పెడుతున్నా, కళ్ళు మూసుకో.

కళ్ళు మూసుకునే ఉండు కాసేపు. చెప్పడం తేలిగ్గా ఉంటుంది.

నేనే చేశాను బావా. నీ తప్పు ఇసుక రేణువంత కూడా లేదు.

సరే, ఇప్పుడు కళ్ళు తెరు. ఇవిగో నీ గొట్టం కాళ్ళు, కోటు జేబులోనే తిప్పుకుంటున్నా వారంనుంచీ. నడిస్తే గలగలమంటున్నాయి, నర్సమ్మ చాక్లెట్లనుకుంది. ఏడు ఉన్నాయి. ఎనిమిదోది తడి చేతుల్లోంచి జారి ఎటో దొర్లింది, ఎంత వెతికినా...

ఏంటి? నొప్పా? అది కుడిచెయ్యి కదా. జేబులో ఏం వెతుకుతున్నావు? లేవకు, పళ్ళెం పడుతుంది. ఏంటది?

ఇది... ఇలా ఇవ్వు.

గాట్లు ఉన్నాయి. నా పటకారు గాట్లే. రెండు వైపులా.

ఎక్కడ దొరికింది? సోఫా కిందా? ఎప్పుడు? నీళ్ళు తుడిచేటప్పుడా?

అంటే... నేను నిలబడి అరుస్తున్నప్పుడు ఇది నీ చేతిలో ఉందా?

పటకారు గాట్లు చూసి కూడా! ఒక్కసారి పైకెత్తి చూపిస్తే అయిపోయేది కదయ్యా! మాట కూడా అక్కర్లేదే! ఎందుకు చూపించలేదు?

వేలు ఎటు చూపిస్తున్నావు? తలుపా? బయటా? బయటేముంది, వెయిటింగ్ రూము. పేషెంట్లు.

ఓ.

ఏడుగురు. లోపలికొచ్చి నా ముందు నోరు తెరవాల్సినవాళ్ళు. ఈ గాట్లు చూస్తే తెరిచేవాళ్ళా?

...పుక్కిలించు బావా. ఎడంవైపు కారుతోంది, నీకు తెలీడం లేదు. ఇదుగో, తువ్వాలు.

ఊఁ ఊఁ అనకు, ఏమీ అర్థం కావడం లేదు. తిడుతున్నావో, పోనీలే అంటున్నావో. తిట్టే అనుకుంటా. అదే నయం.

ఈ ఎనిమిదీ పట్టుకుని పైకెళ్తున్నా. ఆవిడ కళ్ళ డాక్టరు, గాట్లు కనపడకుండా పోవు. దిగొచ్చాక వెయిటింగ్ రూములో కూడా నిలబడి చెప్తా. ఉండు, తలుపు సందులోంచి చూస్తా, ఎంతమంది ఉన్నారో.

తొమ్మిది మంది! మంగళవారం ఏడుగురే ఉన్నారు కదా, ఇదేం ఖర్మ! ఆ పుక్కిలించే పెద్దాయన కూడా ఉన్నాడు. ముందు వరసలోనే.

సరే. వెళ్తున్నా.

అక్కకి మాత్రం నువ్వే చెప్పు బావా. రెండు గంటలాగి, నాలుక తిరిగాక. నాకంత ధైర్యం లేదు.