కళ్లానికి అడ్డమొచ్చిన గోడ

రాండి రాండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఒరేయ్, ఆ అరుగు మీదోళ్లు కూడా కిందికి దిగండి, అంత దూరం అరిచి చెప్పలేను. నన్నేసాబని ఒకాయన ఉన్నాడంట. సాయిబుల ఇల్లు, ఊరి చివర. కొడుక్కి పెళ్లి పెట్టుకున్నాడు, శుక్రవారం నిఖా. కొత్త కోడలు పెరట్లో తిరుగుతుంటే దోవన పోయేవాళ్లకు కనపడకూడదని ఇంటికి తూర్పున మట్టిగోడ లేపినాడు. ఎంత ఎత్తంటే, మనిషి మీద మనిషి నిలబడినంత అనుకో! ఆ గోడకు అవతలే సుంకులమ్మ కళ్లం. మొగుడు లేని మనిషి, ఏడాది తిండి ఆ కళ్లంలోంచే రావాల. కొర్రలు తొక్కించి కుప్ప పోసింది. ఇంక తూర్పారబట్టాల. చేటలోంచి గింజలు జారవిడిస్తే పడమటి గాలికి పొట్టు ఎగిరిపోవాల గదా? పోదే! గింజా పొట్టూ కలిసి కాళ్ల దగ్గరే పడుతున్నాయంట. గాలికి గోడ అడ్డం. పైగా ఆకాశంలో మబ్బు, నల్లగా, బర్రెల మంద దిగినట్టు!

ఇదంతా నన్నేసాబు వాళ్లమ్మ ఫక్రుబీ దోవన వస్తా చూసింది. కొడుకును పిలిచి, ఒరే నన్నే, గోడ లేపేముందు సుంకులమ్మను అడిగినావా అనింది. మన జాగాలో మన గోడమ్మా, అన్నాడు. పొరుగోళ్లకు గాలి ఆడకుండా, వాళ్లను అడక్కుండా గోడ లేపకూడదని మనకు పెద్దలు చెప్పలేదా అనింది ఆమె. చెప్పినారు గానీ, ఆమె మన దీన్, మన మతం మనిషి కాదు కదమ్మా, అన్నాడు. ముసలామెకు కోపమొచ్చింది చూడూ! "పొరుగు హక్కు ఎవరికైనా హక్కేరా! గాలేమన్నా ఆగి, నువ్వు నమాజు చేసినావా అని అడిగి వీస్తుందా?" అనింది. నన్నేసాబు గడ్డపార పట్టుకొని ఉరికినాడు. "అక్కా, తప్పు నాది, నిన్ను అడగాల్సింది. ఇప్పుడే పడగొడతా" అంటే, సుంకులమ్మ గోడకు అడ్డంగా నిలబడిందంట! "కోడలొచ్చే ఇల్లు కూలగొట్టించినానని ఊరంతా అంటారు, వద్దు సాబూ!" "జరుగక్కా!" "జరగను పో!" పైన ఉరుము! వీళ్లిక్కడ మర్యాదలు చేసుకుంటున్నారు!

అప్పుడు ఫక్రుబీ కొంగు నడుముకు చుట్టి, కొడుకు చేతిలో గడ్డపార లాక్కుంది. "సుంకులూ, పక్కకు రా, నీ కాలు మీద పడితే పెళ్లికి కుంటుకుంటా వస్తావు" అనింది. సుంకులమ్మకు నవ్వొచ్చి పక్కకు జరిగింది. దభీమని ఒక పోటు! పైవరసలు ఇంకా తడి ఆరలేదేమో, పెళ్లలు పెళ్లలుగా జారినాయి. సగం గోడ దిగిందో లేదో, వచ్చింది గాలి! రయ్యిమని! ఎత్తు చేట, దించు చేట, ఎత్తు చేట, దించు చేట! పొట్టంతా అవతలకు, గింజంతా ఇవతలకు. పెళ్లికొడుకే మూటలు మోసినాడనుకో. ఎక్కడికి? దగ్గరిల్లు వాళ్లదే గదా, కొత్త దంపతులకు సున్నం కొట్టిన గదిలోకి! ఆఖరి మూట గడప దాటింది, టపటపా వాన.

మరి కోడలికి మరుగు? ఆ రాత్రే సుంకులమ్మ జొన్నదంటుతో తడికెలు అల్లింది. సగం గోడ మీద కట్టినారు. కళ్లం రోజుల్లో విప్పుతారు, అయినాక కడతారు. ఈసారి కట్టే వంతు నాదంటే నాదని నన్నేసాబూ సుంకులమ్మా ఏటేటా కొట్లాడుకుంటారంట, వాళ్లకు ఎవరు చెప్పాల! సరే లేయండి, కథ విని కడుపు నిండదు, ఇండ్లకు పోయి వేడివేడిగా తినండి.