తారుమారైన జతలు, నిలిచిన ప్రాణం

1989 జూన్ ఐదవ తేదీన మా ఆసుపత్రి రికార్డుల విభాగంలో గుమాస్తాగా అడుగుపెట్టి, ముప్పై ఆరేళ్ల నిర్విరామ సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న మా గౌరవనీయ సహోద్యోగిని, అందరి నోటా ‘రికార్డుల అక్క’గానే సుప్రసిద్ధులు. కంప్యూటర్లు వచ్చిన ఏడాది తోటివారు చేతులెత్తేసినా, ఆమె సాయంత్రపు తరగతులకు వెళ్లి ఆ విద్యను పట్టుబట్టి సాధించారు. “మా ఆవిడ పట్టు ముందు ఉడుం పట్టు ఏపాటిది” అని వారి భర్తగారు నేటికీ వాపోతుంటారు.

2008లో ఆమె విభాగాధిపతి అయిన మూడో నెలలోనే పాత కంప్యూటరు మూలపడింది. సిస్టమ్స్ అధికారి దాని డిస్కును కంప్యూటరు వాడే పదహారు గుర్తుల లెక్కలో, అంటే హెక్సా అంకెలుగా నకలు తీసి, అక్షరాలుగా మార్చితే గజిబిజి రావడంతో, డిస్కే పాడైందని తేల్చేశాడు. అదే వారం ఒక లారీ డ్రైవరు శస్త్రచికిత్సకు వచ్చారు. పదేళ్ల క్రితం ఇక్కడే ఏదో మత్తుమందు వికటించి ఆయన చావు అంచుల దాకా వెళ్లారని భార్యకు గుర్తుంది. మందు పేరు గుర్తులేదు. అది రాసి ఉన్న రికార్డు ఆ డిస్కులోనే ఉంది.

“డిస్కు పోయిందక్కా, వదిలెయ్యండి,” అన్నాడు సిస్టమ్స్ అధికారి.

“మనిషి పోలేదుగా. గంట టైమివ్వు, చూస్తాను.”

కంప్యూటరు ఒక్కో అక్షరాన్ని రెండేసి అంకెల జతగా దాచుకుంటుంది. ఆ జతలను మళ్లీ అక్షరాలుగా మార్చే ఒక్క వరుస ఆజ్ఞను అక్కగారు నల్లని తెరపై టైపు చేశారు. గజిబిజే వచ్చింది. అయితే ప్రతి రికార్డూ ఆసుపత్రి పేరుతోనే మొదలవుతుందని ఆమె ఎరుగుదురు. తెరపై అవే అక్షరాలున్నాయి, కాని పక్కపక్కవి ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి. డిస్కు నిక్షేపంగా ఉంది, నకలు తీసిన పద్ధతే తప్పు. ఆమె జతలను యథాస్థానానికి మార్చి తిరిగి ఆజ్ఞ ఇచ్చారు. డ్రైవరు పేరు, వయసు, వాటి కింద మందు పేరు వచ్చాయి.

ఆపరేషన్ థియేటరులో సిద్ధం చేసిన సిరంజిలో ఉన్నది ఆ మందే.

నివేదికలో ఆమె “నకలులోని దోషము సవరింపబడినది” అని మాత్రమే రాశారు. దోషం ఎవరిదని పెద్ద డాక్టరుగారు అడిగితే, “తప్పు దొరికింది కదండీ, మనిషెందుకు?” అన్నారు. ఆ మనిషి ఈ వ్యాసం రాస్తున్నవాడే. పదిహేడేళ్లు ఆమె కడుపులో దాచుకున్న ఆ మాటను నేడు అందరి ముందు తానే ఒప్పుకుంటున్నాడు.

ఆ డ్రైవరు దంపతులు నేటి సభకు విచ్చేశారు. అక్కగారూ, ఆనాడు మీరు మమ్మల్ని అడిగింది ఒక్క గంట. మీ కోసం మేము కోరుతున్నది ఆరోగ్యంతో నిండిన నూరేళ్లు.