వైను సీసా ఫొటో తీసిన వైనం

"ఫొటోగ్రాఫర్‌కి అన్నిటికన్నా కష్టమైన పనేంటో చెప్పండి చూద్దాం" అంటూ ఫొటో బాబాయ్ వచ్చి టీ కొట్టు బల్ల మీద చతికిలబడ్డాడు.

ఆయన చతికిలబడ్డాడంటే ఇక మా పనులు అటకెక్కినట్టే. స్టూడియో రోడ్డుకి అవతల, కోతలు ఇవతల. వినేవాళ్లం ఎప్పుడూ ఉండేవాళ్లమే: కొట్టు నడిపే అక్క, పక్క షాపు టైలరు, డ్యూటీ దిగిన బస్సు కండక్టరు, చెప్పుల షాపులో పని చేసే నేను.

"పెళ్లికొడుకుని నవ్వించడం" అన్నాడు టైలరు.

"కాదు."

"పసిపిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడం" అంది అక్క, టీ వడపోస్తూ.

"అదీ కాదమ్మా. గాజు సీసా! దానికి సిగ్గూ ఎగ్గూ ఉండదు, ఎదురుగా ఏది ఉంటే అది మొహాన వేసుకుంటుంది. కిటికీ ఉంటే కిటికీ, ఫ్యాను ఉంటే ఫ్యాను, కెమెరా పట్టుకున్న నా బొజ్జ ఉంటే నా బొజ్జ. అలాంటి సీసాకి, అందులోనూ మన పెద్దాయన వైను సీసాకి, నా నీడ కూడా పడకుండా ఫొటో తీశాను. అంతే. గొప్పేం కాదు, ఊరికే చెప్తున్నా."

పెద్దాయన మాట వినగానే కండక్టరు గ్లాసు కింద పెట్టాడు. పెద్దాయన అంటే మా దగ్గర ఒక్కరే. ఊరి బయట కొండవాలు మీద వైను చేసేవాళ్లంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు, లేకపోతే ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు. ద్రాక్ష ఎప్పుడు కోయాలి, పీపా ఎక్కడ పెట్టాలి అని తగువొస్తే ఆయన మాటే తీర్పు. కొన్ని వారాలుగా మంచం పట్టారు. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశారు. మాట లేదు, తిండి లేదు, గోడకేసి తిరిగి పడుకుంటున్నారని ఊరంతా చెప్పుకుంటోంది.

"ఎలా ఉందట బాబాయ్ ఆయనకి?" అన్నాను.

"చెప్తా, చెప్తా. అక్కడికే వస్తున్నా. మధ్యలో తొందర పెడితే కథ కాలు విరుగుతుంది. మొన్న ఆయన శిష్యురాలు, అదే, ఇప్పుడు ఆయన వైనరీ చూసుకునే అమ్మాయి, నా స్టూడియోకి వచ్చింది. సంచీలో ఒక సీసా. దాని మీద పాత కాగితం లేబులు, పెద్దాయన చేతి రాత. ఆయన మొట్టమొదటిసారి చేసిన వైను అది! లోకంలో ఉన్నది అదొక్కటే. వైను చేసేవాళ్ల సంఘం హాల్లో పెట్టడానికి దానికి పెద్ద ఫొటో కావాలంది. ఆయనకి నివాళిగా అంది. ఆ మాట అనేటప్పుడు నా మొహం చూడలేదు, నేనూ ఆ పిల్ల మొహం చూడలేదు."

అక్క చేతిలో గరిటె ఆగింది. బాబాయ్ గొంతు సవరించుకుని స్వరం పెంచాడు.

"సరే, మొదలుపెట్టా. తలుపులు మూశా, కిటికీలకి నల్ల దుప్పట్లు కట్టా, నల్ల చొక్కా వేసుకున్నా, నల్ల గ్లౌజులు తొడిగా. అయినా సీసాలో తెల్లగా ఏదో మెరుస్తోంది. ఏంటా అని చూస్తే, నా పళ్లు! దాంతో పొద్దున్నించి సాయంత్రం దాకా నోరు మూసుకుని పని చేశా."

"నువ్వా?" అన్నాడు టైలరు.

"నేనే."

"నోరు మూసుకునా?"

"అయ్యా, మిగతాదంతా అబద్ధమనుకో, ఫరవాలేదు, ఇది మాత్రం నమ్ము. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గది మూసేసరికి సీసా వాసన బయటపడింది. మూత తియ్యలేదు సుమా. బిరడాలోంచే! ఆహా, ఏం వాసన, పండిన ద్రాక్ష, తడిసిన మట్టి, ఇంకేదో, మా అమ్మ పెట్టె తెరిస్తే వచ్చే వాసన. గదిలో ఒక ఈగ ఉంది. అది రెండు చుట్లు తిరిగి బల్ల మీద వెల్లకిలా పడి కాళ్లు ఊపుకుంటూ పడుకుంది. వెంటిలేటర్ మీద పావురాలు ఒకదాని భుజం మీద ఒకటి రెక్క వేసుకుని నడుస్తున్నాయి. కింద ట్రాఫిక్ కానిస్టేబులు విజిల్‌తో పాట ఊదడం మొదలుపెట్టాడు."

"నేనూ అటు నుంచే వచ్చాను. ఏ పాటా వినపడలేదే" అన్నాడు కండక్టరు.

"నీ బస్సు మోతలో నీకేం వినపడుతుంది? ఇక లైటు సంగతి. నేను స్టూడియో పెట్టిన కొత్తలో ఒక్కడూ గుమ్మం తొక్కలేదు. మొదట తొక్కింది పెద్దాయనే. తన సీసాలకి నా చేత ఫొటోలు తీయించుకున్నారు. అన్నీ చెత్తగా వచ్చాయి. ఆయన కోప్పడలేదు. 'సీసాని చూడకు బాబూ, సీసాలోంచి వచ్చే వెలుగుని చూడు' అన్నారు. వైను చేసే మనిషి, నాకు ఫొటో తీయడం నేర్పారు! అందుకని ఈసారి లైటు ముందు పెట్టలేదు, వెనకాల పెట్టా. చిన్న బల్బు. స్విచ్ వేశా. అంతే! సీసాలోంచి ఎర్రటి వెలుగు, దుప్పట్లు దాటి, గోడ దాటి, రోడ్డు మీద పడింది. బస్సులన్నీ ఆగిపోయాయి."

"ఎందుకు?"

"ఎర్ర లైటు పడితే ఆగరా మరి? నువ్వే కండక్టరువి, నన్నడుగుతావేం? బస్సులు ఆగాయి, లారీలు ఆగాయి, స్టేషన్లో రైలు ఆగింది. అంతెందుకు, పైన వెళ్తున్న విమానం కూడా ఒక్క క్షణం ఆగి, పైలటు కిటికీలోంచి తల బయట పెట్టి చూశాడు. ఇంకా ఉంది. సూర్యుడు ఆ ఎరుపు చూసి, అరెరె, అప్పుడే అస్తమించేశానా అనుకుని కొండ వెనక్కి వెళ్లిపోయాడు. మర్నాడు పేపర్లో మబ్బు పట్టిందని వేశారు. వాళ్లకేం తెలుసు!"

అక్క నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. బాబాయ్‌కి ఇంకా ఊపొచ్చింది, లేచి నిలబడ్డాడు.

"ఇంతలో సీసా పెట్టిన స్టూలు కాలు వంగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సీసా జారింది! లోకంలో ఉన్న ఒక్క సీసా! మీరైతే ఏం చేసేవాళ్లు? కేకలు పెట్టేవాళ్లు. నేను కేక పెట్టలేదు, పళ్లు కనపడతాయి కదా. గదికి ఈ చివర నుంచి ఆ చివరకి, పిల్లి దూకినట్టు దూకా. గాల్లో ఉండగానే అనుకున్నా, ఒరే, ఇంత మంచి యాంగిల్ మళ్లీ దొరకదురా అని. గాల్లోనే ఫోకస్ చేశా, గాల్లోనే క్లిక్ కొట్టా, బాలేదనిపించి ఇంకోటి కొట్టా, ఆ తర్వాత తాపీగా కిందపడి వెల్లకిలా పడుకున్నా. సీసా వచ్చి నా నుదుటి మీద నిలబడింది. నిటారుగా! లేబులు కెమెరా వైపు తిరిగి!"

"బాబాయ్, నుదురు చూపించు. సీసా అడుగు ముద్ర ఏదీ?" అన్నాడు టైలరు.

"నా నుదురు మెత్తనిది, పడదు. ఇక ప్రింటు. ఫొటోని మెషీన్లో పెడితే మెషీన్ ఊగడం మొదలుపెట్టింది. తాగినవాడిలా ఒకసారి ఇటు, ఒకసారి అటు. ప్రింటు బయటికొచ్చేసరికి ముట్టుకుంటే చల్లగా, తడిగా ఉంది. ఫ్రేము కట్టినవాడు వేలు నాకి చూసుకుని ఇంటికెళ్లే దారి మర్చిపోయాడు."

"ఇంతకీ దాన్ని హాల్లో పెట్టారా?" అన్నాను.

ఈసారి బాబాయ్ స్వరం తగ్గించాడు.

"లేదు. ఆ అమ్మాయి తీసుకెళ్దామని వచ్చింది. నేను ఇవ్వలేదు. మనిషి పోయాక గోడకి తగిలించి దండ వేస్తే ఆయన చూస్తారా? మనం చూసుకోవడానికా నివాళి? ఆయన ఉండగానే ఆయన కళ్లకి చూపించాలి అన్నాను. 'వద్దు బాబాయ్, తట్టుకోలేరు' అని ఏడ్చింది పాపం. నేను వింటానా? ఈ పొద్దున ఫ్రేము భుజాన వేసుకుని పెద్దాయన ఇంటికెళ్లా."

మేమంతా ముందుకు వంగాం. సరిగ్గా అప్పుడే బాబాయ్ వెనక రోడ్డు దాటి ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. ముదురాకుపచ్చ చీర, చేతిలో గొడుగు. అక్క ఆవిణ్ని చూసి గబుక్కున లేచింది. పెద్దాయన భార్య! అక్క కళ్లతో సైగ చేసింది, గరిటెతో గిన్నె మీద కొట్టింది. బాబాయ్ ఎక్కడ చూస్తాడు, ఆయన కథలో ఆయన ఉన్నాడు.

"నేరుగా గదిలోకి వెళ్లా. పెద్దాయన గోడకేసి తిరిగి పడుకుని ఉన్నారు. 'పెద్దాయనా, ఇటు చూడండి' అన్నా. తిరిగారు. ఫొటో చూశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొహంలోకి రక్తం పొంగింది! జుట్టు మొదళ్ల నుంచి నల్లబడుతూ వచ్చింది! దుప్పటి విసిరేసి, ఒక్క దూకులో మంచం దిగి, నన్ను ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుని, కిటికీలోంచి దూకి, కొండ పైదాకా పరుగు! డాక్టరు వెనకాలే పరిగెత్తి అలసిపోయి, దారిలో ఆయనే మందు వేసుకున్నాడు!"

"మీరు గదిలోకి ఎప్పుడొచ్చారండీ?" అంది వెనక నుంచి పెద్దావిడ.

బాబాయ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగాడు.

"తలుపు చప్పుడైతే నేనే వచ్చి తీశాను" అందావిడ, కోపం లేకుండా. "గుమ్మంలో ఫ్రేము గోడకి ఆనించి ఉంది. మీరు గేటు దాటి పరిగెడుతున్నారు. ఒక చెప్పు మా మెట్ల మీదే వదిలేశారు."

అందరం బాబాయ్ కాళ్ల వైపు చూశాం. ఒక కాలికి చెప్పుంది. రెండోది బోసిగా ఉంది. చెప్పుల షాపులో పని చేస్తూ నేనే గమనించలేదు.

టైలరు నవ్వబోయి, బాబాయ్ మొహం చూసి ఆగిపోయాడు. ఇంతసేపూ ఊరిని ఆపి, సూర్యుణ్ని దించి, విమానాన్ని నిలబెట్టిన మనిషి బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందున్న టీ ముట్టుకోనేలేదు, మీగడ కట్టింది.

"అమ్మా" అన్నాడు. "చూశారా ఆయన? ఏమన్నా... ఏమన్నా అయిందా నా వల్ల?"

పెద్దావిడ బల్ల మీద కూర్చుంది. అక్క ఇచ్చిన నీళ్లు తాగింది.

"ఫ్రేము తీసుకెళ్లి ఆయన ఎదురుగా కుర్చీలో పెట్టాను. మొదట అసలు చూడలేదు. తర్వాత కళ్లు చికిలించి చూశారు. చాలాసేపు చూశారు. ఆయన భుజాలు అదిరాయి. ఏడుస్తున్నారేమో అనుకుని నేనూ ఏడవబోయాను. నవ్వుతున్నారు! నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఇన్ని వారాల తర్వాత మొదటి మాట మాట్లాడారు."

"ఏమన్నారు?" అన్నాం అందరం ఒకేసారి.

"'ఒసే, ఫొటో తీయమని నీ వెనిగర్ సీసా ఇచ్చావా?' అన్నారు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

"లేబులు ఆయన రాసిందేనండీ. సీసా కూడా మొదటిదే. లోపలి వైను మాత్రం మా పెళ్లయిన రోజే మేమిద్దరం తాగేశాం. పారేయబుద్ధి కాక, కిటికీ అద్దాలు తుడుచుకోవడానికి అందులో వెనిగర్ పోసి పెట్టుకుంటున్నాను. గిన్నెలు కడిగే తొట్టి కింద ఉండాలి. ఆ పిల్ల లేబులు చూసి, పాపం, దేవుడి పటంలా పట్టుకెళ్లింది. నేను సీసా కోసం రెండు రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నాను, అద్దాలన్నీ మురికి పట్టాయి."

కండక్టరు, "బాబాయ్, ఇంతకీ ఆ ఈగ వెనిగర్‌కే పడిపోయిందా?" అన్నాడు. ఇక ఆగలేదు. టైలరు పొట్ట పట్టుకున్నాడు. అక్క నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

బాబాయ్‌కి అవేవీ వినపడలేదు. "అమ్మా, ఇంకా ఏమన్నారు?" అన్నాడు.

"కూర్చోబెట్టమన్నారు. వెనక రెండు దిండ్లు పెట్టాను. ఆకలేస్తోందన్నారు. ఒక గిన్నెడు జావ తాగి, ఉప్పు తక్కువైందని నన్ను తిట్టారు. తిట్టారంటే ఇక భయం లేదన్నాడు డాక్టరు కూడా."

"నిజంగా లేచి కూర్చున్నారా?"

"నిజంగానే."

"ఒట్టు?"

ఇందాక పెద్దాయన్ని కొండ మీదకి పరిగెత్తించిన మనిషి, దిండ్లకి ఆనుకుని కూర్చున్నారంటే నమ్మలేక, ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడ బాబాయ్ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, "ఒట్టు" అంది. బాబాయ్ కూలబడిపోయాడు. రెండు అరచేతులతో మొహం రుద్దుకుని, నోరు తెరిచి పెద్దగా గాలి వదిలాడు. ఆ గాలి ఎన్ని రోజుల నుంచి బిగబట్టాడో. అక్క చల్లారిన టీ తీసేసి వేడిది పెట్టింది.

"ఫొటో బాగుందన్నారు" అంది ఆవిడ. "వెలుగు సరిగ్గా పట్టుకున్నాడు వెధవ, అన్నారు. మిమ్మల్ని పిలుచుకురమ్మన్నారు. అందుకే వచ్చాను. పదండి. ఇందాక ఇక్కడ ఏదో చెప్తున్నారు కదా, అది ఆయనకీ చెప్పండి. నవ్వితే ఇంకో నాలుగు ముద్దలు లోపలికి వెళ్తాయి."

బాబాయ్ లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. ఒంటి చెప్పుతో రెండడుగులు వేసి ఆగాడు.

"అంతా చెప్పనా అమ్మా? జరిగింది జరిగినట్టా?"

"జరిగింది ఆయనకి తెలుసులెండి" అంది ఆవిడ, గొడుగు విప్పి ఆయన తల మీదికి కూడా జరుపుతూ. "ఇక్కడ చెప్పినట్టు చెప్పండి."